ఆడపడుచు వెళ్లిపోయాక ఆగిపోయిన స్క్వాట్

ప్రశ్న: మాస్టారూ, మాది విజయనగరం. వయసు 33. సచివాలయంలో ఉద్యోగం. రెండేళ్లుగా మా ఆడపడుచూ నేనూ పొద్దున్న ఆరింటికి కలిసి జిమ్‌కి వెళ్లేవాళ్లం. ఒకరు చేస్తుంటే ఒకరం వెనక నిలబడేవాళ్లం. బార్ భుజాల మీద పెట్టుకుని కూర్చుని లేచే స్క్వాట్ నాకు 55 కిలోలతో వరసగా ఐదుసార్లు, అంటే ఐదు రెప్స్ దాకా వచ్చింది. ఈ శ్రావణంలో ఆమెకి పెళ్లయి పార్వతీపురం వెళ్లిపోయింది. అప్పట్నుంచి ఒక్కదాన్నే చేసుకుంటున్నాను. 50 పెడితే మూడో రెప్‌కే టెన్షన్ మొదలవుతుంది. పోయిన నెల కిందికి దిగాక లేవలేకపోయాను, బార్ మెడ మీదకి జారబోయింది. ట్రైనర్ పరుగెత్తుకొచ్చి పట్టుకున్నారు. ఆ రోజు నుంచి 45 దాటలేదు. ట్రైనర్‌ని సపోర్ట్‌కి పిలిస్తే మొదటి రెప్ నుంచే బార్ మీద చెయ్యి వేసేస్తారు. పైగా వెనక మగమనిషి అంత దగ్గరగా నిలబడితే నాకు ఇబ్బందిగా ఉంటుంది. మావారు నేనొస్తాలే అని నాలుగు రోజులొచ్చి మానేశారు. జిమ్‌లో ఇంకో ఇద్దరున్నారు. ఒకరు బట్టల షాపు నడిపే ఆవిడ, యాభై దాటాయి, అందరం పిన్నిగారంటాం. మోకాళ్ల కోసం డాక్టర్ చెబితే చేరారు. ఒక్కరోజు మానరు, కానీ నేనెత్తే దాంట్లో సగమే ఎత్తుతారు. రెండోది, కానిస్టేబుల్ సెలక్షన్లకి తయారవుతున్న అమ్మాయి. నాకంటే 20 కిలోలు ఎక్కువ ఎత్తుతుంది, కానీ ఎప్పుడొస్తుందో ఎప్పుడు రాదో తెలియదు. అసలు పార్ట్‌నర్ అంత అవసరమా? అవసరమైతే ఎవరితో కలవమంటారు?

జవాబు: అమ్మా, ముందు ఆ జారబోయిన బార్ సంగతి చూద్దాం. పార్ట్‌నర్ దొరికేదాకా ఆగే విషయం కాదది. మీ జిమ్‌లో స్క్వాట్ ర్యాక్‌కి రెండు పక్కలా అడ్డంగా బిగించే ఇనుప రాడ్లు ఉండాలి. చాలాచోట్ల వాటిని తువ్వాలు ఆరేసుకోవడానికి వాడతారు, లేదా ఊడదీసి ఏ మూలో పడేస్తారు. వాటి అసలు పని మీరు లేవలేనప్పుడు బార్‌ని మోయడం. ఖాళీ బార్ భుజాల మీద పెట్టుకుని, మామూలుగా ఎంత కిందికి దిగుతారో అంత దిగండి. అక్కడ బార్ ఎంత ఎత్తులో ఉందో ఎవరినైనా చూడమని, దానికి ఒకటి రెండు అంగుళాలు కిందుగా ఆ రాడ్లు బిగించండి. రెండు పక్కలా ఒకే ఎత్తులో ఉన్నాయో లేదో చూసుకోండి. లేవలేని రెప్ వచ్చినప్పుడు నడుం ముందుకి వంచేయకుండా, ఛాతీ ఎత్తి ఉంచి ఇంకాస్త కిందికి కూర్చోండి. బార్ రాడ్ల మీద ఆనుతుంది, మీరు కిందనుంచి బయటికి వచ్చేయొచ్చు. దీన్ని 30 కిలోలతో కావాలని రెండు మూడుసార్లు చేసి చూడండి. బరువు కింద ఇరుక్కున్న క్షణంలో ఎవరికీ కొత్త పని చేతకాదు, ముందే అలవాటైన పని మాత్రమే వస్తుంది.

ఒకవేళ మీ జిమ్‌లో రెండు నిలువు స్టాండ్లే ఉండి ఆ రాడ్లు లేకపోతే, పక్కన మనిషి లేని రోజున బరువైన బార్‌బెల్ స్క్వాట్ చేయకండి. ఛాతీకి ఆనించి డంబెల్ పట్టుకుని చేసే స్క్వాట్, చేతుల్లో డంబెల్స్‌తో ఒక కాలు ముందుకీ ఒకటి వెనక్కీ పెట్టి చేసే స్ప్లిట్ స్క్వాట్, మెషిన్ మీద కూర్చుని కాళ్లతో బరువు తోసే లెగ్ ప్రెస్, ఇవి చేసుకోండి. అలసిపోతే డంబెల్ వదిలేయొచ్చు. కొన్నాళ్లు బార్ కిందికి వెళ్లనంత మాత్రాన కాళ్లకేమీ నష్టం లేదు.

బెంచీ మీద వెల్లకిలా పడుకుని బార్ పైకి తోసే బెంచ్ ప్రెస్ గురించి మీరు అడగలేదు కానీ చెప్పకుండా ఉండలేను. ప్రాణం మీదికి తెచ్చే విషయంలో స్క్వాట్ కంటే అదే ప్రమాదకరం. బార్ ఛాతీకీ గొంతుకీ ముఖానికీ పైన ఉంటుంది, కింద బెంచీ, తప్పుకోవడానికి చోటుండదు. బొటనవేలు బార్ చుట్టూ తిప్పకుండా అరచేతిలో ఆనించుకుని ఎత్తే ఫ్యాషన్ ఒకటుంది, మన తీరంలో చెమటకి అది ఎప్పుడు జారుతుందో ఎవరికీ తెలియదు. మీరు మాత్రం బొటనవేలు చుట్టే పట్టుకోండి. ఒంటరిగా ఉన్న రోజు ప్లేట్లకి క్లిప్పులు పెట్టకండి. ఇరుక్కుంటే బార్‌ని ఒక పక్కకి వంచితే ప్లేట్లు జారిపోతాయి, బార్ తేలికైపోతుంది. జిమ్ అంతా తిరిగి చూసేంత చప్పుడవుతుంది. అవ్వనివ్వండి.

ఇక మీ 55 కాస్తా 45 ఎందుకైంది? రెండు నెలల్లో పది కిలోల బలం ఎగిరిపోదు, అదీ మానకుండా జిమ్‌కి వెళ్తున్న మనిషికి. మీ కండ అక్కడే ఉంది. పోయింది ధైర్యం. ధైర్యమంటే ఏదో గొప్ప గుణం అనుకోకండి. ఇది లెక్క తెలియకపోవడం. సెట్ మధ్యలో, అంటే ఆపకుండా వరసగా చేసే రెప్స్ మధ్యలో, "ఇక నా వల్ల కాదు" అనిపించే చోటికీ, నిజంగా కాళ్లు ఆగిపోయే చోటికీ మధ్య దూరం ఉంటుంది. కొత్తవాళ్లకి అది మరీ ఎక్కువ. ఇంకొక్కటే వస్తుంది అనుకున్నవాళ్లు బలవంతాన చేయిస్తే మూడో నాలుగో చేస్తారు. ఈ దూరం లోపలనుంచి చూసేవాళ్లకి కనపడదు. బయట నిలబడి చూసేవాళ్లకి కనపడుతుంది. బార్ ఎంత వేగంతో లేస్తోందో, మోకాళ్లు లోపలికి వస్తున్నాయో లేదో, నడుం గుండ్రంగా వంగుతోందో లేదో రోజూ చూసే మనిషికి మీ మూడో రెప్ అసలు కష్టమా, ఉత్తి భయమా ఇట్టే తెలిసిపోతుంది. మీ ఆడపడుచు మీకిచ్చింది ఇదే. రెండేళ్లు ఆమె మీ బార్‌ని ఎన్నిసార్లు పట్టుకుందో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. పట్టుకున్నది తక్కువ, చూసింది ఎక్కువ అయ్యుంటుంది.

మీ పక్క జిల్లా మనిషి ఉదాహరణే చెబుతాను. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట నుంచి వెళ్లిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో వెయిట్‌లిఫ్టింగ్‌లో, బార్‌ని ఒక్క ఊపులో తలపైకి ఎత్తే స్నాచ్‌లో 110, ముందు భుజాల దాకా, తర్వాత తలపైకి ఎత్తే క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి 69 కిలోల విభాగంలో కాంస్యం తెచ్చారు. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ. ఆ పోటీలో ప్లాట్‌ఫాం మీద పక్కన ఎవరూ నిలబడరు. స్నాచ్‌కీ జెర్క్‌కీ సపోర్ట్ పట్టడం అసలు కుదరదు, లేవకపోతే బార్‌ని వదిలేసి తప్పుకోవడమే పద్ధతి. మరి అలాంటి ఆటలో తోటివాళ్లు ఎందుకు? మల్లీశ్వరి అక్కచెల్లెళ్లు కూడా బరువులెత్తినవాళ్లే. కోచ్ నీలంశెట్టి అప్పన్న గారి దగ్గర సాధన మొదలైంది ఊళ్లోనే. బార్ మీద ఎవరూ చెయ్యి వెయ్యని ఈ ఆటలో కూడా కళ్లు కావాలి, పోటీ కావాలి, నువ్వు రాకపోతే అడిగే మనిషి కావాలి. మీ ఊరికి దగ్గర్లోనే, నెల్లిమర్ల మండలం కొండవెలగాడ చూడండి. అక్కడి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో ముందు కాంస్యం అందుకుంది. మొదటి స్థానం వచ్చిన నైజీరియా అమ్మాయి డోప్ పరీక్షలో దొరికిపోవడంతో అది రజతమైంది.

ఆ మాటకొస్తే కలియుగ భీముడని పేరు తెచ్చుకున్న కోడి రామ్మూర్తి నాయుడు గారు కూడా మీ విజయనగరంలో వ్యాయామశాల పెట్టింది ఒంటరిగా కాదు, పొట్టి పంతులు గారి తోడుతో. పాత తాలింఖానాల్లో, అంటే ఆనాటి వ్యాయామశాలల్లో, ఒంటరి సాధన తక్కువ. కుస్తీకి జోడీ లేనిదే పని జరగదు కదా. ఒక్కడే చెవుల్లో పాటలు పెట్టుకుని అద్దం ముందు నిలబడి చేసుకోవడం ఈమధ్య వచ్చిన అలవాటు.

ఇప్పుడు మీ ట్రైనర్ గారి చెయ్యి. పాపం ఆయన్ని తప్పుపట్టను. ఒక్కసారి మీ బార్ జారబోవడం చూసిన మనిషి, ఇంకోసారి జరిగితే మాట తన మీదకి వస్తుంది. అందుకే మొదటి రెప్ నుంచే పట్టుకుంటున్నారు. కానీ దానివల్ల మీకు జరిగే నష్టం చెబుతాను. ఆయన వేళ్లు బార్ కింద ఉన్నప్పుడు మీరెత్తింది 50 కిలోలా, 42 కిలోలా? మీకూ తెలియదు, ఆయనకీ తెలియదు. పుస్తకంలో మాత్రం 50 అని రాసుకుంటారు. వచ్చే వారం ఆ అబద్ధం మీద ఇంకో రెండున్నర కిలోలు వేస్తారు. మన జిమ్ములన్నిట్లోనూ వినపడే కేక ఉంది చూశారా, "నీదే అన్నా, మొత్తం నీదే!" అని. అలా అరిచేవాడి ముఖం చూడండి. నరాలు ఉబ్బి ఉంటాయి. సగం వాడే ఎత్తుతుంటాడు.

రింగెల్‌మాన్ అని ఫ్రాన్స్‌లో ఒక వ్యవసాయ ఇంజనీరు ఉండేవాడు. మనుషుల చేత తాడు లాగించి, ఒక్కొక్కరుగా ఎంత లాగుతున్నారో, గుంపుగా ఎంత లాగుతున్నారో కొలిచాడు. 1913లో ఆ లెక్కలు అచ్చయ్యాయి. మనుషులు పెరిగేకొద్దీ ఒక్కొక్కరి లాగుడు తగ్గింది. కొంత కారణం అందరూ సరిగ్గా ఒకే క్షణంలో లాగలేకపోవడం. మిగతాది, పక్కవాడు లాగుతున్నాడులే అన్న ధీమా. బార్ మీద ఇంకొకరి చెయ్యి ఉందని ఒంటికి తెలిస్తే జరిగేదీ అదే. మీరు కావాలని తగ్గించరు. తగ్గిపోతుందంతే. పవర్‌లిఫ్టింగ్ పోటీల్లో స్క్వాట్‌కి రెండు పక్కలా మనుషులు నిలబడతారు, కానీ రెప్ జరుగుతుండగా వాళ్ల వేలు తగిలినా ఆ లిఫ్ట్ చెల్లదు. చెయ్యి దగ్గరగా ఉండాలి, తగలకూడదు. మీ ట్రైనర్‌తో ఇదే మాట సెట్ మొదలుపెట్టకముందు చెప్పండి. "సార్, నేను పట్టు అన్నప్పుడో, బార్ కిందికి తిరిగినప్పుడో పట్టుకోండి. నెమ్మదిగా లేస్తుంటే వదిలేయండి" అని. ఇబ్బందిగా ఉందన్నారు కాబట్టి వెనక కాకుండా బార్ చివర్ల దగ్గర, ఒక పక్కన ఆయనా ఇంకో పక్కన ఇంకెవరైనా నిలబడేలా అడగొచ్చు. అది మంచి పద్ధతే. ఒకటే షరతు, పడితే ఇద్దరూ ఒకేసారి పట్టాలి. ఒకరు ముందు, ఒకరు వెనక పడితే బార్ వంకరపోయి మీ నడుం మెలితిరుగుతుంది.

వెనక మగమనిషి నిలబడితే ఇబ్బంది అని రాశారు చూడండి, ఆ మాట రాయడానికి కూడా చాలామంది మొహమాటపడతారు. స్క్వాట్‌కి ఒక్కరే సపోర్ట్ పట్టాలంటే, మీ వెనక నిలబడి చంకల కిందనుంచి చేతులు చాచి, మీతోపాటే కిందికి దిగి పైకి లేవాలి. పట్టుకోవాల్సి వస్తే బార్‌ని కాదు, మీ ఒంటి పైభాగాన్ని పట్టి లేపాలి. అందుకని ఆడవాళ్లకి ఆడ పార్ట్‌నర్ దొరకడం మన ఊళ్లలో సౌకర్యం మాత్రమే కాదు, బరువు పెంచే వీలు అక్కడే ఉంటుంది. ఇబ్బందిపడుతూ నిలబడిన మనిషి ముందు ఎవరూ పూర్తి లోతుకి దిగరు.

మరి ఎవరితో?

మీవారిని ముందు తప్పించేద్దాం. ఆయన మంచివారే అయ్యుంటారు, కానీ పొద్దున్న ఆరింటికి లేచే మనిషి కాదని నాలుగు రోజుల్లో తేలిపోయింది. ఆయన్ని జిమ్‌కి లాక్కెళ్లి రోజూ గొడవపడే బదులు, ఆ గంటంపావు ఇంటి పని అప్పజెప్పండి. పాల ప్యాకెట్లు, స్నానాలకి నీళ్లు, పిల్లలుంటే వాళ్ల టిఫిన్ బాక్సులు. మీరు వాచీ చూసుకోకుండా చివరి సెట్ పూర్తి చేయగలిగితే, అది మీ వెనక నిలబడ్డం కంటే పెద్ద సపోర్ట్.

కానిస్టేబుల్ అమ్మాయి సంగతి వేరు. మీకు ఆమెతో లాభం ఉంది. 1920లలో కోలర్ అని జర్మనీ మనస్తత్వ శాస్త్రవేత్త బెర్లిన్‌లో పడవ పందేల క్లబ్బు కుర్రాళ్ల చేత బరువులెత్తించాడు. ముందు ఒక్కొక్కరి చేత, తర్వాత జంటగా. జంటలో ఒకరు ఆపేస్తే రెండోవాడు కూడా ఆపేయాల్సిందే. అప్పుడు బలహీనుడు ఒంటరిగా ఉన్నప్పటికంటే ఎక్కువసేపు నిలబడ్డాడు, తనవల్ల పక్కవాడు ఆగిపోకూడదని. అయితే ఇద్దరి మధ్య తేడా ఒక మోస్తరుగా ఉన్నప్పుడే ఇది బాగా పనిచేసింది. మరీ సమానమైతే పెద్దగా లేదు, మరీ ఎక్కువైనా లేదు. 50కీ 70కీ తేడా నా లెక్కలో మోస్తరే. కానీ మీరే రాశారు, ఎప్పుడొస్తుందో తెలియదని. తప్పు ఆమెది కాదు. సెలక్షన్లకి పరుగు ముఖ్యం, గ్రౌండ్‌కి వెళ్లే రోజు జిమ్‌కి రాదు. ఆమె టైంటేబుల్ ఆమె పరీక్ష చుట్టూ తిరుగుతుంది, తిరగాలి కూడా. ఆమె కోసం మీ వారం ఆపుకోకండి. ఆమె కనిపించిన రోజు ఒక్క బరువైన సెట్‌కి పిలవండి, చాలు. పెద్ద బరువులు చూసి ఆమెతో పోటీకి దిగొద్దు. ఆమె వయసు వేరు, ఆమె గురి వేరు.

నన్నడిగితే పిన్నిగారు. సగం బరువే ఎత్తుతారు కదా, నన్నెలా కాస్తారు అని మీరు వెంటనే అడుగుతారు. ఈ సందేహం దగ్గరే చాలామంది మంచి పార్ట్‌నర్‌ని వదులుకుని, కండలు చూసి ఎవరినో పట్టుకుంటారు. లెక్క వేయండి. మీరు 50 కిలోలతో లేస్తూ మధ్యలో ఆగిపోయారనుకోండి. అప్పుడు మీ కాళ్లు సున్నా కాలేదు. 45కో 46కో ఇంకా సరిపోతాయి, ఆ మిగిలిన నాలుగైదు కిలోల దగ్గరే ఆగారు. పక్క మనిషి ఎత్తాల్సింది ఆ నాలుగైదు. బట్టల షాపులో తాన్లు దింపి ఎక్కించే మనిషికి అదెంత? నిజంగా కాళ్లు పూర్తిగా వదిలేసే పరిస్థితి వస్తే పిన్నిగారేమిటి, పహిల్వాన్ కూడా ఒక్కడే 50 కిలోల బార్‌ని మీ భుజాల మీద నుంచి శుభ్రంగా తీయలేడు. అందుకే ఆ ఇనుప రాడ్లు. పెద్ద ప్రమాదం రాడ్లు చూసుకుంటాయి, చిన్న సాయం పిన్నిగారు చూసుకుంటారు. ఇద్దరూ ఉంటే మీకు 60 కిలోల దాకా ఏ కొరతా లేదు.

ఆవిడ రోజూ వస్తారు. నేను పార్ట్‌నర్‌లో మొదట చూసేది అదే. మిగతావన్నీ నేర్పుకోవచ్చు. ఆరుకి రావడం నేర్పలేం.

బరువుల్లో తేడా ఉంటే ప్లేట్లు మార్చుకోవడంలోనే టైం అయిపోతుందని భయం అక్కర్లేదు. బార్ 20 కిలోలదైతే, మీరు రెండు పక్కలా ముందు 5 కిలోల ప్లేటు వేసి, దాని బయట 10 కిలోలది వేయండి. 50 అయింది. మీ సెట్ అవగానే బయటి పది తీసేస్తే 30, పిన్నిగారికి సిద్ధం. చిన్న ప్లేటు లోపల, పెద్దది బయట చూసి ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి. అన్నట్టు ఆ బార్ నిజంగా 20 కిలోలేనా? మన చిన్న జిమ్ముల్లో రకరకాల రాడ్లుంటాయి. బాత్రూం కాటా ఉంటే బార్ పట్టుకుని ఎక్కి, మీ బరువు తీసేసి చూడండి. ఇద్దరూ మార్చి మార్చి చేస్తే ఆవిడ సెట్టూ, ప్లేట్లు మార్చడమూ అయ్యేసరికి రెండు మూడు నిమిషాలు గడుస్తాయి. పెద్ద లిఫ్టుల మధ్య మీకు కావాల్సిన విశ్రాంతి సరిగ్గా అంతే. ఒంటరిగా ఉన్నప్పుడు ఫోన్ చూస్తూ ఆరు నిమిషాలు కూర్చునేవారు, లేదా కంగారుగా నిమిషంలో లేచేవారు, అవునా? ముగ్గురు దాకా పర్వాలేదు. నలుగురైతే ఒళ్లు చల్లబడిపోతుంది, కబుర్లు వేడెక్కుతాయి.

పిన్నిగారికి సపోర్ట్ పట్టడం నేర్పాలి. మొదటి వారం ఖాళీ బార్‌తోనే నేర్పండి. ఆవిడ మీ వెనక ఒక అడుగు దూరంలో నిలబడి, మీరు దిగినప్పుడు తానూ కొద్దిగా దిగాలి. మోకాళ్లు నొప్పి కాబట్టి పూర్తిగా దిగమనకండి, పక్కన నిలబడి చూసినా సరే. బార్ నెమ్మదిగా లేవడం వేరు, ఆగిపోవడం వేరు, కిందికి తిరగడం వేరు. నెమ్మదిగా లేస్తున్నంతసేపూ చెయ్యి వెయ్యకూడదు, నోరు మాత్రం తెరవచ్చు. ఆగిపోతే రెండంకెలు లెక్కపెట్టే టైం ఇవ్వాలి. కిందికి తిరిగిందంటే అప్పుడు, మీరు అడగకపోయినా. పట్టుకున్నాక కూడా మొత్తం లాగేసుకోకుండా బార్ కదిలేంత మాత్రమే. ఆ సెట్ అక్కడితో అయిపోయినట్టు. సాయంతో లేచిన రెప్ పుస్తకంలో ఎక్కదు. దీని మీద ఇద్దరూ రాజీపడకండి. సెట్‌కి ముందు ఎన్ని రెప్స్ అనుకుంటున్నారో పైకి చెప్పండి, ఎక్కడ భయమో కూడా చెప్పండి. "మూడోది కష్టంగా ఉంటుంది పిన్నిగారూ, ముట్టుకోకండి, అరవండి చాలు." మన పిన్నిగార్లకి అరవడం ఎవరూ నేర్పక్కర్లేదు.

ఆవిడకి మీరు ఏమిస్తారన్నది కూడా ఆలోచించారా? ఉత్తరమంతా మీ స్క్వాట్ గురించే ఉంది, తప్పు పట్టడం లేదు. యాభై దాటిన మోకాళ్లకి కాళ్లలో బలం పెరగడమే మందు, డాక్టర్ చెప్పింది అందుకే. కానీ నొప్పి భయంతో ఆవిడ సగమే దిగుతూ ఉండొచ్చు. వెనక ఒక బెంచీ పెట్టి, దాని మీద కూర్చుని లేచేలా చేయించండి. నెలకి కాస్త కాస్త బెంచీ ఎత్తు తగ్గించండి. మోకాలు లోపలికి మడుచుకుంటే చెప్పండి. ఏ రోజు నొప్పి పదునుగా ఉందో ఆ రోజు ఆపించండి. ఆవిడకి మీరు ఎన్ని కిలోలు పెంచగలిగారన్న లెక్క కూడా మీ పుస్తకంలోనే ఒక పేజీలో రాయండి. ఒకరి పుస్తకం ఇంకొకరు రాస్తే అబద్ధాలు తగ్గుతాయి.

కొన్ని జాగ్రత్తలు. ఇద్దరూ ఒకే ప్రోగ్రాం చేయాలని పట్టుపట్టకండి. స్క్వాట్, ప్రెస్ లాంటి ఒకటి రెండు పెద్దవి కలిసి చేసి, మిగతావి ఎవరివి వాళ్లు చేసుకోవచ్చు. నేల మీది బార్‌ని పట్టుకుని పైకి లేచే డెడ్‌లిఫ్ట్‌కి సపోర్ట్ వద్దే వద్దు. లేవకపోతే కింద పెట్టేయడమే. మధ్యలో ఎవరో చెయ్యి వేస్తే నడుం పోతుంది. డంబెల్ ప్రెస్‌కి సపోర్ట్ పడితే మోచేతుల దగ్గర కాకుండా మణికట్టుల దగ్గర పట్టమనండి. మోచేతులు తోస్తే డంబెల్ లోపలికి వచ్చి ముఖం మీద పడొచ్చు. పిన్నిగారు రాని రోజు ఉంటుంది, షాపుకి సరుకు వచ్చిన రోజో, పెళ్లిళ్ల సీజనో. ఆ రోజు అదే బరువు పెట్టి ప్రతి సెట్‌లోనూ రెండు రెప్స్ మిగిల్చి ఆపేయండి. ఫోన్‌ని పక్కనుంచి మోకాలి ఎత్తులో పెట్టి వీడియో తీసుకోండి. రీల్స్ కోసం కాదు, ఎంత లోతుకి దిగారో చూసుకోవడానికి.

బరువు పెంచడం 45 నుంచే మొదలుపెట్టండి, 50 నుంచి కాదు. చాలా జిమ్ముల్లో అతి చిన్న ప్లేటు రెండున్నర కిలోలది. రెండు పక్కలా వేస్తే ఐదు పెరుగుతుంది. 45 ఎత్తే మనిషికి ఒక్కసారిగా ఐదు పెద్ద గెంతు. ఒకటింపావు కిలో ప్లేట్లు జత కొనుక్కుని బ్యాగులో పెట్టుకోండి. కొనేముందు రంధ్రం కొలవండి. ఒలింపిక్ బార్ అయితే 50 మిల్లీమీటర్లు, మామూలు రాడ్ అయితే చాలా చిన్నది. 45తో ఐదు రెప్స్ మూడు సెట్లు, ఎవరి చెయ్యీ పడకుండా, పూర్తి లోతుతో వస్తేనే 47.5. అక్కడా అంతే. తొందర లేదు. ఈ లెక్కన కార్తీకం వెళ్లేలోపు మీరు 50 దగ్గర మళ్లీ నిలబడతారని నా అంచనా.

ఇలా చేసినా బరువు కదలకపోతే, లేదా మెట్లెక్కినా ఆయాసం వస్తుంటే, పార్ట్‌నర్‌ని అనకండి. రక్తపరీక్ష చేయించుకుని హిమోగ్లోబిన్ ఎంత ఉందో చూడండి. మన ఆడవాళ్లలో రక్తం తక్కువుండటం చాలా మామూలు, దాన్ని ఏ సపోర్టూ లేపలేదు.

దసరా తర్వాత మంగళవారం సిరిమానోత్సవం. ఆ వారం ఊరంతా చుట్టాలే ఉంటారు. మీరూ రాలేరు, షాపు వదిలి పిన్నిగారూ రాలేరు. ఇద్దరూ కలిసి సెలవని ఇప్పుడే పుస్తకంలో రాసేసుకోండి. ఒకరు వచ్చి ఒకరు రాక అలగడాలు ఉండవు. పండగ అయ్యాక మొదటి రోజు, అంతకుముందు ఎత్తిన దానికి ఐదు కిలోలు తగ్గించి మొదలుపెట్టండి. మీ ఆడపడుచు పండక్కి పుట్టింటికి వస్తే ఆమెని ఒక పూట జిమ్‌కి తీసుకెళ్లి, మిమ్మల్ని ఎలా కాసేదో పిన్నిగారికి చూపించమనండి. నేను రాసిన దానికంటే అది త్వరగా అర్థమవుతుంది.